పూచీకత్తు ఎద్దులు

లూకా పండుగ మరునాడు

రాతకు పనికొచ్చేలా తోళ్లు గీకి అమ్మడం నా వృత్తి, ఇవి అమ్ముడుపోని ముక్కలు. గొర్రె మెడ దగ్గర తోలు ముడతలు పడి ఉంటుంది, దాన్ని ఏ గుమాస్తా కొనడు. చిన్నప్పుడు మఠంలో నేర్చుకున్న నాలుగక్షరాలు మరిచిపోకుండా వీటి మీద రాస్తుంటాను. ఎవరికీ చూపించేవి కావు. నా భార్య గన్నిల్డకు చదువు రాదు కాబట్టి ఇంట్లో కూడా భయం లేదు.

ఈరోజు ఊరంతా కలిసి నన్ను ఇరికించారు.

పూజ అయ్యాక ఎవరూ వెళ్లొద్దన్నారు. మా జిల్లాలో రాజుగారి అధికారి షెరీఫు. అతని మనిషి గుడి మెట్ల మీద నిలబడి రాజుగారి తాకీదు చదివాడు. లండన్ పక్కన వెస్ట్‌మినిస్టర్‌లో పార్లమెంటు జరుగుతుందట. మా ఎల్మ్‌బ్రిగ్ నుంచి ఇద్దరిని ఎన్నుకుని, ఊరి తరఫున పూర్తి అధికారమిచ్చి పంపాలట. అందరికీ తగిలేదాన్ని అందరూ ఒప్పుకోవాలి అని అందులో రాసి ఉంది. మా నాన్న కాలంలో రాజుకు డబ్బు కావాలంటే షెరీఫు గుర్రమెక్కి వచ్చి పట్టుకుపోయేవాడు. ఒప్పుకుంటారా అని ఎవడూ అడగలేదు. తిట్టుకునేవాళ్లం, అక్కడితో అయిపోయేది. ఇప్పుడు అడుగుతున్నారు. కత్తి పట్టుకున్నవాడు మర్యాదగా అడుగుతున్నాడంటే నాకు ఇంకా భయం వేస్తుంది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. గొర్రె తోళ్లతో బతికేవాణ్ణి, ఆ మాట నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఎవరు వెళతారని అడిగితే అందరూ తమ చెప్పుల వంక చూసుకున్నారు. దారి ఖర్చు, చలి, దొంగలు. పైగా అక్కడికెళ్లి ఊఁ అని వచ్చినవాణ్ణి ఊరు బతికినన్నాళ్లూ తిడుతుంది. అప్పుడు మా థర్స్టన్, గన్నిల్డ సొంత తమ్ముడు, బండి తోలుకునే థర్స్టన్, ఎన్నడూ సభలో నోరు విప్పని మనిషి, వెనక నుంచి అన్నాడు:

"మా బావను పంపండి."

అంతే. అందరూ ఒక్కసారిగా సరే సరే అన్నారు. నేను కాదనేలోపే ఊరిపెద్ద రెయినర్ హామో అని నా పేరు రాయించేశాడు. రెండో మనిషిగా ఉన్ని వ్యాపారి ఫుల్క్ తనే చెయ్యెత్తాడు. ఫుల్క్ ఎక్కడ విందు ఉంటే అక్కడికి వెళ్లే రకం.

ఈ ఊరు గుడి తలుపు మేకు గురించి కూడా మధ్యాహ్నం దాకా వాదించుకుంటుంది. నా విషయంలో ఒక్కడు ఎదురు చెప్పలేదు. ముందే మాట్లాడుకున్నారు.

మర్నాడు

కారణం దొరికింది. రాత్రంతా నిద్రపోలేదు కానీ దొరికింది.

నా సున్నం గుంటలు. తోళ్లు నానబెట్టే ఆ గుంటలు వాగు ఒడ్డున ఉన్నాయి. వాసన వస్తోందని బట్టలుతికే ఆడవాళ్లు వేసవి నుంచీ గొణుగుతున్నారు. గుంటలు ఊరికి దిగువకు మార్చుకోమని రెయినర్ రెండుసార్లు చెప్పాడు. మార్చనన్నాను. దిగువన నీళ్లు బురద, తోలు పచ్చబడుతుంది. నా గుంటల పక్క స్థలం ఎవరిది? థర్స్టన్‌ది. వాడి ఎద్దులు నీళ్లకు చుట్టూ తిరిగి వెళ్లాలి. నా గుంటలు లేకపోతే తిన్నగా వెళతాయి.

నన్ను చలికాలం ముందు లండన్ తోలేస్తే, నేనొచ్చేసరికి గుంటలు పూడ్చేసి ఉంటారు. ఇంతే లెక్క.

నాకు ఎవరి మీదా అనుమానం లేదు. చూసుకుంటానంతే.

శనివారం

గన్నిల్డ వాగు పూడిక తీయించమని గొడవ చేస్తోంది. ఎవరి ఇంటి ముందు వాగు వాళ్లు మార్టిన్ పండుగ వారంలో తవ్వి శుభ్రం చేసుకోవాలి, లేకపోతే ఊరి కోర్టులో జరిమానా. ప్రతి ఏడూ చేసేదే. ఇక్కడ నా కొంప ముంచుతుంటే ఆవిడ పూడిక గురించి మాట్లాడుతోంది. చూద్దాంలే అన్నాను.

సీమోను, యూదా పండుగ

ఈరోజు పూచీకత్తులు. వెళతానని నేను ఒట్టేస్తే చాలదట. ఊళ్లో ఇద్దరు నాకు పూచీ పడాలి. నేను పార్లమెంటులో కనిపించకపోతే షెరీఫు వాళ్ల పశువులను తోలుకుపోతాడు. ఇదివరకు వేరే ఊళ్లలో ఎన్నికైనవాళ్లు దారిలోంచి ఇంటికి పారిపోయేవారట, అందుకని ఈ ఏర్పాటు. రాజుగారి గుమాస్తాలు ఏడాదికేడాది తెలివి మీరుతున్నారు. తాకీదుకు తాకీదు, దానికి నకలు, నకలుకు రసీదు. నా తోళ్లు అమ్ముడుపోయేది అందుకే అనుకోండి. కానీ నా తోలు మీదే నా తలరాత రాసి పంపుతారని అనుకోలేదు.

ఒక పూచీ ఊరిపెద్ద రెయినర్. అది వాడి పదవికి తప్పదు. రెండోది ఎవరని షెరీఫు మనిషి అడిగీ అడగకముందే థర్స్టన్ ముందుకొచ్చాడు.

"నాకు రెండెద్దులున్నాయి. ఎర్రది, మచ్చది. రాసుకోండి."

ఆ ఎద్దులు తప్ప వాడికి ఇంకేం లేదు. వాటితోనే రాళ్లు మోస్తాడు, కలప మోస్తాడు, నాలుగిళ్లకు దున్నిపెడతాడు. అలాంటివాడు అడగకుండానే వాటిని ఒడ్డుతాడా? నన్ను పంపమన్నదీ వాడే, పూచీ పడిందీ వాడే. నేను వెళ్లి తీరాలని వాడికి ఎంత తొందరగా ఉందో.

ఇంటికి వస్తుంటే పక్కన నడుస్తూ, చలికి తన గొర్రెతోలు కోటు తీసుకెళ్లమన్నాడు. అక్కర్లేదన్నాను. ఎందుకు ఇస్తున్నాడు?

సకల పునీతుల పండుగ

ఊరి ముద్ర వేశారు. ఫుల్క్, హామో అనే ఈ ఇద్దరు దేనికి ఒప్పుకుంటే దానికి ఊరు ఒప్పుకున్నట్టే అని పత్రం. పచ్చ మైనం మీద ముద్ర దిగుతుంటే చూశాను. మేము అక్కడ తలూపితే, ఆ తర్వాత ఎల్మ్‌బ్రిగ్‌లో ఎవడికీ కాదనే హక్కు ఉండదు. రాజుగారికి కావలసింది మేము కాదు, మా తల ఊపు.

దీన్నిబట్టి ఇంకోటి తెలిసింది. గుంటలు పోతాయి, పన్ను పడుతుంది, పన్ను తెచ్చినవాడు హామో అని చెప్పుకుంటారు. ఒక్క దెబ్బకు రెండు పనులు. రెయినర్‌కు ఇంత తెలివి ఉందనుకోలేదు.

గన్నిల్డతో అంటే, అనుమానం పెనుభూతం అంది. తమ్ముడి వైపు మాట్లాడకపోతే ఇంకెవరి వైపు మాట్లాడుతుంది.

దారిలో, సోమవారం

చెప్పులు తడిశాయి. ఫుల్క్ దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. బఠాణీ గంజిలో పంది మాంసం ఎప్పుడు వేయాలి, ఏ సత్రంలో బీరు పులిసిపోయింది. ఎదురొచ్చిన ప్రతివాడితోనూ ఆగి మాట్లాడతాడు. ఆ మాట్లాడేటప్పుడు నన్ను చూసి నవ్వుతాడు.

రాజు మనల్ని ఎందుకు పిలుస్తున్నాడనుకుంటున్నావని అడిగాను. ఫుల్క్ ఆపిల్ కొరుకుతూ, "లాక్కున్నదానికి జనం ఏడుస్తారు హామో, ఇచ్చినదానికి ఏడవరు. అంతే కదా," అన్నాడు. అది తెలిసే వెళుతున్నావా అంటే, ఆ ఊరి వేట మాంసం తినకుండా చావదలుచుకోలేదన్నాడు. ఇలాంటివాణ్ణి నా పక్కన ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు?

దారిలో, గురువారం. బెల్ఫోర్డ్ సత్రం

పొద్దున గంజి తాగుతుంటే ఎల్మ్‌బ్రిగ్ మీదుగా వచ్చిన ఉప్పు చేపల బండివాడు కనిపించాడు. మా ఊరి కబుర్లు అడిగాను. ఏముంది, అంతా మామూలే అన్నాడు. తర్వాత గుర్తొచ్చినట్టు, "ఆ సున్నం గుంటలు లేవూ, వాసనవి, అక్కడెవరో తవ్వుతున్నారు," అన్నాడు.

ఎవరు తవ్వుతున్నారని అడిగాను. పక్కన ఎర్రెద్దు, మచ్చెద్దు కట్టేసి ఉన్నాయట.

గంజి గిన్నె పక్కకు తోసేశాను.

కడుపులో నొప్పిగా ఉందని, రెండ్రోజులాగి వస్తానని ఫుల్క్‌తో చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు. నమలడం మాత్రం ఆపాడు.

"రాకపోతే నీ బామ్మర్ది ఎద్దులు పోతాయి, తెలుసుగా?"

తెలుసన్నాను. తెలుసు కాబట్టే వెనక్కి వెళుతున్నాను. పోయినా నా చేతిలో ఏముంది, తవ్వినవాడిది తప్పు. అసలు పోవు. చూసి, రెండు చీవాట్లు పెట్టి, మళ్లీ బయల్దేరితే సమయానికి అందుకుంటాను. కోపం లేదు నాకు. ఊరికే చూసి రావడానికి.

మార్టిన్ పండుగ ముందు రోజు. ఇంట్లో

ఇంట్లో అంటే ఇంట్లో కాదు, తోళ్లు ఆరబెట్టే పాకలో. చీకటి పడ్డాక దొడ్డిదారిన వచ్చాను. గన్నిల్డ నన్ను చూసి దొంగ అనుకుని కట్టె ఎత్తింది. గుర్తుపట్టాక కూడా దించలేదు.

ఎవరో తవ్వుతున్నారని విని వచ్చానంటే, "ఎద్దు ఈనిందంటే గాట కట్టేయమన్నట్టు, చేపలవాడు చెప్పగానే పరిగెత్తుకొచ్చావా? పూడిక తీస్తున్నాడయ్యా. నువ్వు చెయ్యలేదని, జరిమానా పడుతుందని, నా తమ్ముడు తీస్తున్నాడు," అంది.

వాడలా చెప్పి ఉంటాడు ఆమెతో.

పొద్దున్నే వెళ్లిపొమ్మంది. ముందు నా కళ్లతో చూడాలన్నాను.

మార్టిన్ పండుగ

పాక పలకల సందులోంచి చూశాను. థర్స్టన్ మోకాలి లోతు నీళ్లలో దిగి పారతో బురద ఎత్తిపోస్తున్నాడు. నిజమే, పూడికే. కానీ మధ్యాహ్నం ఒక కర్ర తెచ్చి ఒడ్డు నుంచి కొలిచాడు. నా గుంటల వైపు కొలిచాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. పూడిక తీసేవాడికి కొలతలెందుకు?

రేపు కూడా చూస్తాను.

మర్నాడు

మళ్లీ కొలిచాడు. గన్నిల్డ భోజనం పెట్టడం లేదు, రొట్టె ముక్క తలుపు కింద నుంచి తోసింది. తలుపు అవతల నుంచే మాట్లాడింది. లోతు సరిపోయిందో లేదో ఊరి కోర్టువాళ్లు కర్రతో చూస్తారట, అందుకే వాడు కొలుస్తున్నాడట. ఇది ఊళ్లో పిల్లలకు కూడా తెలుసట. తెలుసు, నాకూ తెలుసు. ప్రతి ఏడూ నేనూ కొలుస్తాను. వాడు కొలుస్తుంటే ఎందుకు గుర్తు రాలేదో.

ఇంకొక్క రోజు. రెయినర్ వచ్చి మాట్లాడతాడేమో చూడాలి.

శనివారం

రెయినర్ రాలేదు. ఎవరూ రాలేదు. గుంటలు గుంటల్లాగే ఉన్నాయి. వాగు శుభ్రంగా పారుతోంది.

ఆదివారం

ఇప్పుడు బయల్దేరినా అందుకోలేను. పోయినవారమే బయల్దేరాల్సింది. దారంతా వాన, బెల్ఫోర్డ్ దగ్గర వంతెన కూడా మునిగిందని చెప్పుకుంటున్నారు. ఫుల్క్ ఉన్నాడుగా. ఇద్దరి బదులు ఒకడుంటే ఏమవుతుంది. జ్వరమొచ్చిందని చెబుతాను.

గన్నిల్డ నాతో మాట్లాడటం మానేసింది.

కేథరిన్ పండుగ

చలి. పాకలోనే ఉన్నాను. తోళ్లు గీకుతున్నాను, చప్పుడు కాకుండా. చప్పుడు కాకుండా గీకితే తోలు బాగా రాదు.

నికోలాస్ పండుగ మరునాడు

ఫుల్క్ తిరిగొచ్చాడు. రాయాలని లేదు. రాస్తాను.

గుడి గంట కొట్టి అందరినీ పిలిచారు. గన్నిల్డ పాక తలుపు తీసి నిలబడింది. వెళ్లాల్సి వచ్చింది. ఒంటి నిండా సున్నం, గడ్డం పెరిగిపోయి, నేను గుళ్లోకి నడుస్తుంటే జనం పక్కకు జరిగారు. లండన్‌లో ఉండాల్సిన మనిషి పాకలోంచి వచ్చాడు. ఎవరో నవ్వారు, తర్వాత అదీ ఆగిపోయింది. థర్స్టన్ నన్ను చూశాడు. వాడి ముఖంలోకి నేను చూడలేదు.

ఫుల్క్ బక్కచిక్కి వచ్చాడు. ఎప్పుడూ నవ్వే మనిషి నేల చూపులు చూస్తూ చెప్పాడు. పెద్దసభలో జరిగిందేమీ ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లకు వినపడలేదట, వెనక నిలబెట్టారు. తర్వాత రాజుగారి గుమాస్తా ఒకడు ఊరి తర్వాత ఊరి మనుషులను పక్కగదిలోకి పిలిచాడు. మంట వేసి ఉందట, ద్రాక్షసారా పోశాడట, అమ్మానాన్నల క్షేమం అడిగాడట. ఊళ్లో ఉన్న సరుకు విలువలో ఏడో వంతు ఇమ్మన్నాడు. జిల్లా దొరలు ఒప్పుకున్నది పదకొండో వంతే కదా అంటే, నవ్వి అన్నాడట:

"మిగతా ఊళ్లన్నీ ఒప్పేసుకున్నాయి నాయనా. ఒక్క ఎల్మ్‌బ్రిగే మిగిలింది. మీ మూలాన రాజుగారి పని ఆగాలా?"

అంత పెద్దమనిషి అబద్ధమాడతాడా అనుకున్నాడు ఫుల్క్. తలూపాడు. మర్నాడు సత్రంలో పొరుగూరివాళ్లు కలిస్తే తెలిసింది, వాళ్లతోనూ ఇదే మాట. మీ ఒక్క ఊరే మిగిలిందని ప్రతి ఊరికీ చెప్పారు. అందరికంటే ముందు పిలిచింది ఫుల్క్‌నే, అప్పటికి ఇంకా ఒక్క ఊరూ ఒప్పుకోలేదు.

ఇక కాదనడానికి లేదు. మా ముద్ర మేమే వేసి ఇచ్చాం.

మర్నాడు

షెరీఫు మనుషులు వచ్చారు. పిలిస్తే రాని హామో ఎవరు, వాడి పూచీదార్లెవరు అని. రెయినర్ పశువుల్లోంచి ఒక ఆవును తోలారు, వాడికి ఇంకా ఉన్నాయి. థర్స్టన్‌వి రెండూ తోలుకుపోయారు.

ఎర్రది కదలనంది. షెరీఫు మనిషి కర్రతో కొట్టబోతే థర్స్టన్ అడ్డం వెళ్లి, దాని మెడ మీద చెయ్యేసి తనే వంతెన దాకా నడిపించి అప్పగించాడు. కొట్టకుండా తీసుకెళ్లమని బతిమాలాడు. చలికాలం కదా, రాజుగారి సైన్యానికి ఉప్పు మాంసం కావాలి. అవి ఎక్కడికి పోతాయో వాడికీ తెలుసు.

నేను గుంటల దగ్గరే నిలబడ్డాను.

అదే రోజు, సాయంత్రం

థర్స్టన్ వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బావుండేది. గుమ్మంలో కూర్చుని చేతులు రుద్దుకున్నాడు. గన్నిల్డ వాడికి వేడి బీరు ఇచ్చి నా వైపు చూడకుండా వెళ్లిపోయింది.

నేనే అడిగాను. ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పావని. ఇన్నాళ్లూ నేను తేల్చుకున్న జవాబులన్నీ వరసగా పెట్టుకుని ఉన్నాను, వాడు ఏది చెప్పినా దాని వెనక ఏముందో చెప్పగలను. వాడు నన్ను విచిత్రంగా చూశాడు.

"నువ్వు ఎవర్నీ నమ్మవుగా బావా. గుడి ఫాదర్ ఈస్టరు తేదీ చెబితే కూడా నువ్వు మళ్లీ లెక్కేసుకుంటావు. ఊళ్లో అందరం మంచి మాటకు పడిపోయేవాళ్లం. అక్కడ తీపి మాటలు చెబుతారని తెలుసు. ఒక్కడైనా నమ్మనివాడు ఉండాలనుకున్నాం. నిన్ను ఎవరూ మోసం చెయ్యలేరని ఎద్దుల్ని ఒడ్డాను."

బీరు తాగేసి గిన్నె గడప మీద పెట్టాడు. వెళుతూ, పూడిక లోతు సరిపోయిందని, కోర్టువాళ్లు చూసి వెళ్లారని, జరిమానా లేదని చెప్పాడు.

నన్ను అందుకే ఎన్నుకున్నారు. నా దగ్గర ఉన్నది ఒక్కటే, ఊరికి అవసరమైంది ఒక్కటే, అది తీసుకుని ఆ గదిలోకి వెళ్లి ఆ గుమాస్తా ముఖం మీద పెట్టాల్సింది. తీసుకొచ్చి పాక సందులోంచి నా బామ్మర్ది మీద పెట్టాను. సిగ్గుగా ఉంది. ఇంకో మాట దొరకడం లేదు, సిగ్గుగా ఉంది.

క్రిస్మస్ వారం

పన్ను లెక్కవాళ్లు వచ్చారు. ఇంటింటికీ వెళ్లి కుండలు, గింజలు, పశువులు చూసి ఏడో వంతు లెక్కకట్టారు. మా ఇంట్లో ఇత్తడి గిన్నె పోయింది. థర్స్టన్ ఇంట్లో కొట్టం ఖాళీగా ఉందని రాసుకున్నారు.

వాడు ఇప్పుడు రాళ్లు భుజాన మోస్తున్నాడు.

కొవ్వొత్తుల పండుగ

ఎవరూ తిట్టడం లేదు. అది ఇంకా కష్టం. ఫుల్క్‌ను తిడతారు, నన్ను వదిలేస్తారు. తిట్టడానికి కూడా నేను లేనట్టు.

గుంటలు దిగువకు మార్చడం మొదలుపెట్టాను. రెయినర్ అడగలేదు. థర్స్టన్ స్థలం పక్కన ఎద్దులకు దారి వస్తుంది. ఎద్దులే లేవు.

ఈస్టరు తర్వాత

ఎద్దు కొన్నాను. రెండు కొనలేకపోయాను. చలికాలమంతా మంచి తోళ్లన్నీ లండన్ గుమాస్తాలకే అమ్మాను. వాళ్లకు ఇంకా ఇంకా కావాలి. అదో ముసలి నల్లెద్దు, ఒక కంట నీళ్లు కారతాయి. తోలుకెళ్లి థర్స్టన్ కొట్టంలో కట్టేశాను. వాడు దాని పళ్లు చూసి, "సంతలో నిన్ను బాగానే ముంచారు బావా," అన్నాడు.

అన్నాళ్లకు నాతో ఒక మాట అన్నాడు. అమ్మినవాడి మీద రోజంతా కోపం రాలేదు.

మరుసటి ఏడు. లూకా పండుగ

మళ్లీ తాకీదు. మళ్లీ ఇద్దరు మనుషులు, పూర్తి అధికారం, మళ్లీ అందరికీ తగిలేదాన్ని అందరూ ఒప్పుకోవాలి. ఇది ఇక ఆగదు. రాజుగారికి అడిగి తీసుకోవడం రుచి మరిగింది.

అందరూ చెప్పుల వంక చూసుకున్నారు. ఫుల్క్ చెయ్యెత్తలేదు, ఎత్తమన్నారు, ఎత్తాడు. రెండో మనిషి ఎవరని షెరీఫు మనిషి అడిగాడు. నేను వెళతానన్నాను.

సభలో నవ్వు. వెనక ఎవడో, పాకలో దాక్కోవడానికి లండన్ దాకా ఎందుకన్నాడు. నవ్వనిచ్చాను. ఈసారి ఆ గదిలో ఏం చెబుతారో నాకు తెలుసన్నాను. లోపలికి వెళ్లేముందు పొరుగూళ్లవాళ్లను సత్రంలోనే కలుస్తాను. అందరం ఒకేసారి గదిలోకి వెళతాం. ఒక్కొక్కరుగా పిలిస్తే ఒక్కడూ కదలడు. ఎవరు ఒప్పుకున్నారని చెప్పినా వాళ్లను తెచ్చి నా ఎదురుగా నిలబెట్టమంటాను.

రెయినర్ గడ్డం గోక్కుని, అది బాగానే ఉందన్నాడు. షెరీఫు మనిషికి అది బాగున్నట్టు లేదు. పూచీదార్లెవరని గట్టిగా అడిగాడు. రెయినర్ పదవి కొద్దీ తప్పక ఒప్పుకున్నాడు. రెండో పూచీ ఎవరని మళ్లీ అడిగాడు.

ఎవరూ లేవలేదు. నేను తల దించుకున్నాను. గన్నిల్డ ఆడవాళ్ల వైపు నిలబడి ఉంది, ఆమె కూడా తమ్ముడి వైపు చూడలేదు. ఎలా చూస్తుంది?

"నాకొక ఎద్దుంది," అన్నాడు థర్స్టన్. "నల్లది. ముసలిది. రాసుకోండి."

షెరీఫు మనిషి కలం ఆపి, పోయినసారి ఇతని మూలంగానే కదా నీ ఎద్దులు పోయాయన్నాడు. అవునన్నాడు థర్స్టన్. మరి మళ్లీ ఎందుకని అడిగితే భుజాలు ఎగరేశాడు.

ఇంటికొచ్చి వాడు ఎందుకలా చేశాడో ఆలోచిస్తున్నాను. గుంటలు మార్చేశాను, దారి వచ్చేసింది, నా దగ్గర వాడికి కావలసింది ఏమీ లేదు. నేను కొన్న ఎద్దే కదా పోతే పోనీ అనుకున్నాడా? లేదు, దాన్ని నమ్ముకునే ఇప్పుడు బతుకుతున్నాడు. ఊళ్లో మంచి పేరు కోసమా? ఇంత పిచ్చి పనికి ఏ ఊరూ మంచి పేరు ఇవ్వదు. దీపం ఆరిపోయేదాకా వెతికాను. ఇంకో కారణం దొరకలేదు.

దారిలో. బెల్ఫోర్డ్ సత్రం

థర్స్టన్ కోటు వేసుకున్నాను. వెచ్చగానే ఉంది.

చేపల బండివాడు మళ్లీ ఇక్కడే తగిలాడు. మీ ఊళ్లో మళ్లీ వాగు దగ్గర ఎవరో తవ్వుతున్నారని చెప్పాడు. ఫుల్క్ తినడం ఆపి నా వైపు చూశాడు. ఎవరని అడగబోయాను. నోటిదాకా వచ్చింది. ఇంకో రొట్టె ఇమ్మని సత్రంవాణ్ణి అడిగాను.

పూడికే అయివుంటుంది. ఈ ఏడూ నేను తీయకుండానే వచ్చాను.